వాట్‌గంజ్‌లో నాలుగో పాఠం

సుభద్ర రాసిన పన్నెండు పాఠాలను సంచిలో పెట్టుకుని మంగళవారం మధ్యాహ్నం రెండింటికి విశాఖపట్నంలో హౌరా రైలెక్కాను. ఎవరైనా ఉచితంగా వాడుకోగల పటాల సాఫ్ట్‌వేర్ ఒకటుంది. చేతిలో చిన్న జీపీఎస్ పరికరం పట్టుకుని మన వీధిలో మనమే నడిచి, ఆ దారిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పటం గీసుకోవచ్చు. అది తెలుగువాళ్లకు నేర్పడానికి నా భార్య రెండేళ్లు కూర్చుని ఈ పాఠాలు రాసింది. పన్నెండోది పూర్తయిన నెలకు పోయింది. వాటిని ఇంటర్నెట్‌లో పెట్టబోయే బృందంవాళ్లు ఒక్కటే అడిగారు: ముందు కొత్తవాళ్ల చేత చేయించి చూడండి, లోపముంటే దిద్దండి. చేయిస్తానన్నాను. ఒక్క అక్షరం కూడా దిద్దకూడదని లోపల అనుకున్నాను.

కలకత్తా ఎందుకంటే, అక్కడి వాట్‌గంజ్ పేట నుంచి రూతు అనే తెలుగమ్మాయి ఆ బృందానికి ఉత్తరం రాసింది. వాళ్ల సందు ఆఫీసు పటంలో లేదట. సందే లేదు కాబట్టి కుళాయీ లేదు. శుక్రవారం వార్డు ఆఫీసులో అర్జీతో పాటు పటం ఇవ్వాలి.

ఎదుటి సీట్లో పలాస జీడిపప్పు వ్యాపారి నా కాగితాలు చూశాడు. "కలకత్తాలో పటమెందుకు మాస్టారూ? 'దాదా', అంటే అన్నా, అని పిలిస్తే సాలు, గుమ్మం కాడ దించీసి మరీ ఎల్తారు" అన్నాడు. సాయంత్రం పలాసలో దిగుతూ గుప్పెడు పప్పు నా చేతిలో పోశాడు.

బుధవారం తెల్లవారి ఐదున్నరకు హౌరా. స్టేషను ఎదుటే రేవు. నాలుగు రూపాయల టికెట్టుతో లాంచీ మీద బాబూఘాట్, అక్కడి నుంచి ఎస్ప్లనేడ్ దాకా నడక, తర్వాత ఖిదిర్‌పూర్ ట్రాము. తొందర ఉన్నవాళ్లు బస్సెక్కడం మంచిది. నాకు తొందర లేదు. మైదానం పొగమంచులో ఉంది. ఖిదిర్‌పూర్‌లో లూచీలనే మైదా పూరీలు, ఆలూకూర తిని, ఎర్ర రంగుతో ఎన్నికల రాతలున్న గోడల పక్కగా నడిచి వాట్‌గంజ్ చేరాను. చర్చి వెనక గది ఇచ్చారు. మంచం, బకెట్టు, దోమతెర ఉన్నాయి. అంతకు మించి కావాలనుకునేవాళ్లు ధర్మతలా హోటళ్లలో దిగాలి.

రూతు జెరాక్స్ షాపులో కంప్యూటర్ పని చేస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. తల్లి ఎస్తేరమ్మ వీధులూడ్చే ఉద్యోగి. పుట్టింది కలకత్తాలోనే, మాట మాత్రం శ్రీకాకుళానిది. బైబిలు చదివే అలవాటు వల్ల తెలుగు ధారాళంగా చదువుతుంది, మౌసు ముట్టుకోదు. అందుచేత తల్లి చదివేది, కూతురు చేసేది. సుభద్ర ప్రతి వాక్యానికీ నంబరు వేసింది. ఎస్తేరమ్మ దాన్ని వదల్లేదు.

"మొదటి పాఠం, మూడో వాక్యం" అని గొంతు సవరించుకునేది.

"చివర్న ఆమెన్ అనాలా మా?" అనేది రూతు. తల్లిని బెంగాలీ పద్ధతిలో 'మా' అంటుంది.

"నీ నోటికి తాళమెయ్యాల. నొక్కు, నొక్కు."

ఆ రోజు మూడు పాఠాలు నల్లేరు మీద నడకలా సాగాయి. నాకు గర్వంగా కూడా అనిపించింది.

నాలుగోది నడక పాఠం. గురువారం ఎస్తేరమ్మ డ్యూటీ నుంచి వస్తూ, నేను తెచ్చిన పరికరం పట్టుకుని సందంతా నడిచి, తొమ్మిదింటికి ఇంటికి వచ్చింది. కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే ఒక్క సందు రెండు గీతలైంది, పక్కపక్కన.

"మా, ఒక సందుకెల్లి రెండు తెచ్చినావు. కుళాయిలూ రెండు అడుగుదామా?"

"ఈ అంచున ఎల్లి ఆ అంచున వొచ్చీసినాను. సగం ఊడ్సి ఎల్లిపోతే మేస్త్రీ ఊరుకుంతాడేటి?"

"ఇవాళ చీపురు లేదు కదండీ. చివర ఆగిపోవాలి" అన్నాను. నా గొంతులో కొంచెం విసుగుంది.

ఆమె నొచ్చుకుంది. "అమ్మగారు రాసిందంతా సేసినాను బాబూ. ఆగమని ఎక్కడ రాసినారు? నాలుగో పాఠం, ఎన్నో వాక్యం? సూపించండి."

చూశాను. ఐదో వాక్యం, 'రెండో చివరి దాకా నడవండి.' ఆరో వాక్యం, 'పరికరాన్ని కంప్యూటర్‌కు కలపండి.' ఆగమని ఎక్కడా లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. సుభద్ర ఈ పాఠం రాసేటప్పుడు మేమిద్దరం రోజూ సాయంత్రం మా వీధుల్లో నడిచేవాళ్లం. పరికరం నా చేతిలో ఉండేది. వీధి చివర రాగానే 'ఇక ఆపు' అనేది, నేను పరికరం బొత్తాం నొక్కి ఆపేవాణ్ణి. నోటితో చెప్పింది కాగితం మీద పెట్టడం మరిచిపోయింది.

"లేదండీ. తప్పు పాఠానిది" అన్నాను.

ఎస్తేరమ్మ వెంటనే టీ పెట్టింది. రూతు ఒక గీత చెరపబోతే చెయ్యి పట్టుకుంది. "సెరపకు. అవి కాలవలు. రెండేపులా ఉన్నాయి గదా. నడిమిన దారి ఏసుకో."

వేసింది. పటంలో సందు వచ్చింది, దాని రెండు వైపులా కాలవలూ వచ్చాయి.

శుక్రవారం పదకొండింటికి వార్డు ఆఫీసు గుమాస్తా పటాన్ని అటూ ఇటూ తిప్పి, కాలవలు కూడా ఇంత సరిగ్గా ఎవరు గీశారని బెంగాలీలో అడిగాడు.

"ఆమి" అంది ఎస్తేరమ్మ. నేను, అని. గుమాస్తా ముద్ర వేశాడు. కుళాయి వస్తుందో రాదో చెప్పలేను, సందు మాత్రం ఆఫీసులోకి వెళ్లింది.

"మళ్లీ రండి కాకూ" అంది రూతు. కాకూ అంటే బాబాయి. "మా అమ్మ చేత చదివించడానికి కొత్త పుస్తకమేదైనా తెండి. రాత్రి నాకు ఐదో పాఠం వినిపించింది."

మూడింటికి హౌరాలో రైలు. కలకత్తాలో నేను చూసింది ఒక్క సందు. చూడవలసినవాటి జాబితా అడిగేవాళ్లకు నా దగ్గర అంతకు మించి లేదు, చూసింది మాత్రం బాగా చూశాను. ఖరగ్‌పూర్ దాటాక నాలుగో పాఠం తీసి, ఐదో వాక్యం కింద రాశాను: 'రెండో చివర చేరారు. ఇక ఆపండి.' దాంతో తర్వాతి వాక్యాల నంబర్లన్నీ రెండేసి పెంచాల్సి వచ్చింది. ఎస్తేరమ్మ లాంటివాళ్లు చదువుతారు, తేడా రాకూడదు. బాలాసోర్ వచ్చేదాకా అదే పని.