అక్క ఇల్లు ఒడ్డిన మధ్యాహ్నం

ఈరోజు మధ్యాహ్నం మా అక్క ఇంటిని ఒక్క పందెంలో పోగొట్టాను. ఇటుకల ఇల్లు కాదు, కంప్యూటర్ ఆటలోది. ఇంకా కొనలేదు కూడా. కొనడానికి ఆమె ఏడాదిగా కూడబెట్టుకున్న బంగారు నాణేలన్నీ పోగొట్టాను. ఇలా విడమరిచి చెబితే తప్పు చిన్నదవుతుందని కాదు. నిజం ఇల్లు ఆమెకు ఎన్నడూ లేదు. పుంగనూరులో ముప్పై ఏళ్లుగా అద్దె గదుల్లోనే ఉంటోంది.

నా ఉద్యోగం కుప్పంలో, సంసారం మదనపల్లెలో. శనివారం ఇంటికొచ్చి ఆదివారం మళ్లీ బస్సెక్కుతాను. దారిలో పుంగనూరులో దిగి, అక్క దగ్గర ఇంత సంగటి తిని, పలమనేరు మీదుగా వెళ్లిపోతాను. అక్క జాకెట్లు కుడుతుంది. డిజైన్లు చూసుకోవడానికి పనికొస్తుందని నా పాత ల్యాప్‌టాప్ ఆమెకిచ్చాను. నేనెప్పుడో ఎక్కించి వదిలేసిన ఆట ఒకటి అందులో మిగిలిపోయింది. రాజులు, మంత్రగాళ్లు, రెక్కల గుర్రాలు ఉండే ఆట. ఇంగ్లీషు అంతగా రాకపోయినా అక్క బొమ్మలను బట్టి నేర్చుకుంది. కత్తి పట్టదు, గుర్రమెక్కదు. ఆ ఆటలో ఒక ఊరుంది, ఊరి నడుమ పోరాటాల బరి ఉంది. ఇద్దరు యోధులు తలపడుతుంటే చూసేవాళ్లు పందెం కాయవచ్చు. అదే ఊళ్లో ఏటి పక్కన పెంకుటిల్లు ఒకటి అమ్మకానికి ఉంది. అక్కకు కావలసింది ఆ ఇల్లు.

ఆమె పందెం కాసే తీరు నాకు విసుగు పుట్టించేది. రోజుకు ఒక్కటే కాస్తుంది. అంతకుముందు ఐదారు పోరాటాలు ఊరికే చూస్తుంది. ఎవడు ఎన్నిసార్లు బరిలో దిగాడో, ఎవడికి ఆయాసం వస్తోందో, ఎవడు దెబ్బ తగిలిన కాలిమీద బరువు మోపకుండా తిరుగుతున్నాడో గమనిస్తుంది. జనం ఎవరి కోసం కేకలు వేస్తారో వాడి మీద కాయదు, వాడు గెలిచినా వచ్చేది తక్కువ. గుప్పెడు నాణేలకు మించి పెట్టదు. ఓడిన రోజు మళ్లీ ముట్టదు, మూసేసి మిషన్ దగ్గరికి పోతుంది.

ఈరోజు కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి పక్క వీధికి వెళుతూ, "నేనొచ్చేదాంకా ఆ ఇల్లు సూస్తా ఉండు. మెట్ల కాడ గంగాళం కూడా పెట్టినారు" అంది.

చూశాను. ఇంటి ధరలో సగమే కూడింది. ఇలాగే కాస్తూ పోతే ఇంకో ఏడాది పడుతుంది. తిరిగొచ్చేలోగా ఇల్లు కొనిపెట్టేద్దామనుకున్నాను. అదేదో ప్రేమ అనుకున్నాను. మదనపల్లెలో ఇల్లు కట్టేటప్పుడు ఒక గది అక్కకని నా నోటితో నేనే చెప్పాను. తీరా గోడలు లేచాక ఆ గదిని కలిపేసి హాలు పెద్దది చేయించాను. ఆమె అడగలేదు. అడగలేదు కదా అని నేనూ ఎత్తలేదు. ఈ ఇల్లు కొనిచ్చేస్తే ఆ గది సంగతి కూడా చెల్లిపోతుందని మనసులో ఏ మూలనో ఉండి ఉంటుంది.

బరిలో గొడ్డలి పట్టుకున్న భారీ మనిషి, ఎదురుగా ఈటెతో ఒక బక్కవాడు. భారీ మనిషి గెలిస్తే పెట్టినదానికి రెట్టింపు వస్తుందని చూపిస్తోంది. అంత మనిషికి అంత ఎక్కువ ఎందుకిస్తున్నారని ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. ఉన్నదంతా ఒడ్డాను. మూడో దెబ్బకే అతను మోకాళ్ల మీద కూలాడు. పోరాటం ముగియగానే ఆట తనంతట తానే సేవ్ అయిపోతుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు.

కరెంటు పోయి ఆట చెడిపోయిందని చెబుదామా అనుకున్నాను. ఆ అబద్ధం నోట్లో సిద్ధంగా ఉండగానే అక్క వచ్చింది.

"యాలరా అట్ల కూసోనుండావు? సంగటి సల్లారిపోతాంది."

"అక్కా, నీ ఇల్లు పోగొట్టేసినా."

"నాకు యాడుండాది ఇల్లు?" అని నవ్వబోయి, తెర వైపు చూసి ఆగిపోయింది. "ఎవురి మీద కట్టినావు?" అంది.

"గొడ్డలోని మీద."

"వాడా! పొద్దున్నించి రెండుసార్లు దిగినాడు గదరా. మోకాలు వణకతాండాది, సూళ్లేదా?"

"సూళ్లేదు."

"మరేం సూసినావు?"

"గొడ్డలి."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చేతిలోని ఖాళీ సంచి మడిచి మడిచి చిన్నది చేసింది. "ఇంకో యాడాదికి దాంట్లో దీపం పెడదామనుకుంటి" అని మెల్లగా అని, నాకు సంగటి పెట్టడానికి పోయింది.

తిని, చేయి కడుక్కుని మళ్లీ ఆట ముందు కూర్చున్నాను. చేతిలో నాణెం లేనివాడికి ఆ ఊళ్లో ఒకటే పని. ఏటి రేవులో పడవ నుంచి ధాన్యం మూటలు గోదాముకు మోయాలి. మూటకు ఒక నాణెం. మూట భుజాన ఉంటే పరుగెత్తనివ్వదు. నడకే. మోయడం మొదలుపెట్టాను. మూడు గంటల బస్సు పోయింది. అక్క మిషన్ తొక్కుతూ అప్పుడప్పుడూ తిరిగి చూసింది.

"నాయిన టమోటా మార్కెట్లో బాక్సులు మోసి నిన్ను సదివిచ్చె. నువ్వు ఆఫీసరయ్యి ఈడ మూటలు మోస్తాండావా అప్పా!"

నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చినట్టే ఉంది. "అక్కా, మా ఇంట్లో నీ గది..." అని మొదలుపెట్టాను. "కలిపేసింది నేనే. నిన్నొక మాట కూడా అడగలా. తప్పు నాదే."

మిషన్ ఆగింది.

"ముందు ఆ మూట దించు" అంది.

దించాను. మళ్లీ మిషన్ చప్పుడు మొదలైంది. రేవు నుంచి గోదాముకు పోయే దారి బరి పక్కనుంచే. లోపల జనం అరుస్తున్నారు. గేటు దగ్గర ఆగలేదు. సాయంత్రం బస్సు కూడా పోయాక, రేపటికి సెలవని ఆఫీసుకు మెసేజ్ పెట్టి, ఇంకో మూట ఎత్తుకోవడానికి పడవ దగ్గరికి నడిచాను.