మగ్గం ఆగితే మొరిగే నాడె

ధర్మవరం తిమ్మరాజుకు పట్టుచీర నేయడం బాగా వచ్చు. మగ్గం మీద నుంచి చప్పుడు కాకుండా లేచిపోవడం అంతకన్నా బాగా వచ్చు. భార్య రత్నమ్మ వంటింట్లో తిరగమాత వేస్తుండగా జారుకుని, కుళ్లాయప్ప టీ అంగట్లో ఊరి సంగతులన్నీ సరిదిద్ది, ఆమె చేతులు కడుక్కునేలోగా వచ్చి కూర్చునేవాడు. రోజంతా మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషికి ఆ కాసేపే ప్రాణం.

ఆ ప్రాణానికి పిడికెడు కుక్కపిల్ల ఒకటి అడ్డం పడింది.

హిందూపురంలో కాపురముండే కూతురు రాధిక, వాళ్ల వీధిలో దొరికిన తల్లిలేని పిల్లను బుట్టలో పెట్టుకుని బస్సులో తెచ్చి, "నాయనా, నీకు తోడుగా ఉంటాది" అని వదిలి వెళ్లింది. అది మగ్గం గుంటలో తిమ్మరాజు కాళ్ల పక్కనే ముడుచుకుని పెరిగింది. మగ్గం టకటకలే దానికి జోలపాట. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలాగా ఇల్లంతా ఉరుకుతోందని దానికి నాడె అని పేరు పెట్టి తెగ మురిసిపోయాడు. అప్పటికి అది ఇంకా నోరు విప్పలేదు మరి.

ఏ కుక్కయినా చప్పుడు వింటే మొరుగుతుంది. నాడె చప్పుడు ఆగితే మొరిగేది. వీధిలో పెళ్లి ఊరేగింపు పోయినా కన్ను తెరవదు. తెగిన పోగు ముడేసుకునేంత సేపు ఓపిక పడుతుంది. అంతకు మించి మగ్గం ఆగిందా, పెంకులెగిరిపోయేలా గోల.

"ఏమయ్యా, యాడికి లేస్తాండావు?" వంటింట్లోంచి రత్నమ్మ. "పెనుకొండోళ్ల పెండ్లిచీర అది. ముహూర్తానికి ఇస్తామని మాటిచ్చింది నేను!"

"లేదే, ఒళ్లు విరుచుకుంటాండా."

"కూర్చునే విరుచుకో."

బిస్కెట్ పెట్టి చూశాడు. నోటినిండా బిస్కెట్ పెట్టుకునే మొరిగింది. తిమ్మరాజు టీ అంగడి ముఖం చూడక మొహం వాచిపోయాడు.

చివరికి కుళ్లాయప్పే వెతుక్కుంటూ వచ్చాడు. "ఏమప్పా, బతికుండావా?" అని అడిగి, సంగతి విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ ఫోన్లో మగ్గం చప్పుడు పట్టుకో. అయిపోతే మళ్లా మొదటికొచ్చేట్ల నేను పెట్టిస్తా."

మరునాడు ఫోన్ టకటకలాడుతుంటే నాడె ఒక చెవి ఎత్తి, దించి, మళ్లీ పడుకుంది. తిమ్మరాజు వీధిలోకి పెళ్లికొడుకులా నడిచాడు.

అయితే ఆయనకో అలవాటుంది. నేస్తూ నేస్తూ పెళ్లాన్ని కేకేస్తాడు. ఫోన్ ఆ కేకనూ పట్టుకుంది.

"ఏమే, మంచినీళ్లు!"

రత్నమ్మ చెంబుతో వచ్చి చూస్తే గుంటలో మనిషి లేడు. ఆయన కూర్చునే పలక మీద ఫోన్ నేస్తోంది. కింద నాడె గురక పెడుతోంది. ఆమె వంగి మగ్గం కిందికి చూస్తుండగానే ఫోన్ మళ్లీ అరిచింది: "ఏమే, మంచినీళ్లు!"

"తెస్తి కదా!" అంది రత్నమ్మ ఫోన్‌తో.

అంతలో అదే ఫోన్ మోగింది. రాధిక. "మా, నాయన ఏం చేస్తాండాడు?"

"మీ నాయనా? ఇంతవరకూ ఫోన్లో కూర్చోని నేస్తాండె. నువ్వు చేస్తివి, ఆపేసె."

టకటకలు ఆగడంతో నాడె లేచింది. గుంట ఖాళీగా ఉంది. మొరుగుతూ వాకిలి దాటి వీధిన పడింది.

టీ అంగట్లో తిమ్మరాజు రెండో గ్లాసు ఊదుకుంటూ, "కుక్కను, పెండ్లాన్ని ఒక్క దెబ్బకే..." అంటున్నాడు. కుక్క వచ్చి పంచె పట్టుకుంది. కుళ్లాయప్ప నవ్వలేక బెంచీ మీద వాలిపోయాడు.

ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో నాడెను పట్టుకుని తిమ్మరాజు ఇంటికి పరుగెత్తాడు. సందు మలుపులోనే టకటకలు వినిపించాయి. ఫోన్ ఇంకా నేస్తోంది, గండం గడిచిందనుకున్నాడు. పిల్లిలా లోపలికి అడుగు పెట్టాడు.

గుంటలో రత్నమ్మ కూర్చుని నేస్తోంది. పక్కన నీళ్ల చెంబు.

"తాగు. రెండుసార్లు అరిస్తివి కదా" అంది తలెత్తకుండా.

తిమ్మరాజు గడగడా తాగాడు. నాడె ఆయన చేతుల్లోంచి జారి, రత్నమ్మ కాళ్ల దగ్గర ముడుచుకుని కళ్లు మూసుకుంది.

"ఇంగ దొంగతనం వద్దు" అంది రత్నమ్మ. "పొద్దున నువ్వు టీకి పో, నేను నేస్తా. సాయంత్రం నేను దాసమ్మ ఇంటికి పోతా, నువ్వు నేయి."

ఇంత సులువుగా బయటపడతానని తిమ్మరాజు అనుకోలేదు. "నీ మాట యానాడు కాదంటినే?" అన్నాడు.

సాయంత్రం రత్నమ్మ కొప్పులో పూలు పెట్టుకుని వెనకసందు దాసమ్మ ఇంటికి వెళ్లింది. దీపాలు పెట్టే వేళయినా రాలేదు. తిమ్మరాజు నడుం పట్టేసింది. "ఏమే, మంచినీళ్లు!" అన్నాడు. ఇంట్లో ఎవరున్నారు? తానే తెచ్చుకుందామని మెల్లగా చేయి ఆపి, ఒక కాలు గుంటలోంచి పైకి తీశాడు.

నాడె మొరిగింది.

వెనకసందులోంచి ఇద్దరాడవాళ్ల నవ్వు, దాని వెంట రత్నమ్మ గొంతు: "ఏమయ్యా, యాడికి లేస్తాండావు?"

తిమ్మరాజు కాలు మళ్లీ గుంటలో పెట్టాడు.