ఖాళీ రిమోట్

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకం నేను. ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజలు తీసే మా జిన్నింగు మిల్లు వెనక గదిలో ఏదో తిరుగుతోందని హమాలీలు జంకితే, పంతం కొద్దీ వారం రోజులు అక్కడే మంచం వేసుకుని పడుకున్నాను. దోమలు తప్ప ఏవీ రాలేదు. కాబట్టి దీన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల చివర్లో మా అన్న నాగపూర్ నుంచి ఒక పాత కారు కొనుక్కొచ్చాడు. దాని తాళాలగుత్తికి రిమోట్ ఉండేది. ఒక బటన్ నొక్కితే తలుపులకు తాళం పడుతుంది, ఇంకోటి నొక్కితే డిక్కీ లేస్తుంది, ఎర్రది నొక్కితే లైట్లు ఆరుతూ వెలుగుతూ హారన్ ఆగకుండా మోగుతుంది. మా వైపు అప్పటికి అలాంటిది కొత్త. పత్తి తెచ్చిన రైతులను నిలబెట్టి మరీ చూపించి మురిసిపోయేవాడు.

ఏడాది తిరక్కుండానే అన్నకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమచేయి ఆడేది కానీ వణికేది. ఆ చేతిలోంచి తాళాలగుత్తి మాత్రం వదిలేవాడు కాదు. డ్రైవర్ శంకర్ దగ్గర రిమోట్ లేని మామూలు తాళం ఇంకోటి ఉంది కాబట్టి మేమూ ఊరుకున్నాం. మిల్లు నా చేతికొచ్చింది. నిజం చెప్పాలంటే, అందరూ నన్ను సేటు అనడం నాకు బాగానే రుచించింది.

మా ఇల్లు మిల్లు ఆవరణలోనే. అన్న గది కిటికీకి ఎదురుగా షెడ్డు కింద కారు ఉండేది. రోజుకు రెండు మూడుసార్లు అది ఉన్నట్టుండి మోగేది. తూకం వేసే కాటా దగ్గర వరసలో ఉన్న పత్తిబండ్ల ఎడ్లు బెదిరిపోయేవి. మహారాష్ట్ర నుంచి వచ్చే బండ్లవాళ్ళు మరాఠీలో తిట్టేవారు. చేయి వణికి బటన్ పడుతోందని నేనే అందరికీ సర్దిచెప్పాను. చివరికి ఒకరోజు అన్న నిద్రలో ఉండగా రిమోట్ విప్పి, లోపలి గుండ్రటి బ్యాటరీ తీసి నా టేబుల్ సొరుగులో పడేశాను. పసివాడికి పాలు లేని పీక ఇచ్చినట్టు గుత్తి మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాను. పది రోజులు ఏ గొడవా లేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం వదిన మందుల కోసం బజారుకు వెళ్ళింది. నేను కాటా దగ్గర ఉన్నాను. కారు మోగింది. హారన్, లైట్లు, డిక్కీ కూడా లేచింది. ఎడ్లు బెదిరి ఒక బండి బోల్తా పడింది. నాకు ఒళ్ళు మండింది. కారు బ్యాటరీ తీగ పీకెయ్యమని శంకర్ మీద అరిచాను.

శంకర్ కదల్లేదు. "సేటూ, జర ఇంట్లకు పోయి చూడుండ్రి. పెద్దసేటు పిలుస్తున్నడేమో" అన్నాడు.

"గా రిమోట్ల బ్యాటరే లేదు, ఏం పిలుస్తడు? తీగ పీకు" అన్నాను.

పీకాడు. కారు ఆగిపోయింది. మిగిలిన బండ్లు తూకం వేయించి, చేతులు కడుక్కుని, తీరిగ్గా ఇంటికి వెళ్ళాను.

అన్న మంచానికీ గోడకూ మధ్య బోర్లా పడి ఉన్నాడు. బొటనవేలు ఎర్ర బటన్ మీదే ఉంది. ఊపిరాడక పోయాడని డాక్టర్ అన్నాడు. కాస్త ముందు ఎవరైనా లేపి పడుకోబెట్టి ఉంటే బతికేవాడని కూడా అన్నాడు. ఆ రెండో మాట అనకపోతే ఆయన సొమ్మేం పోయేదో.

ఆ సాయంత్రమే రిమోట్ విప్పి చూశాను. ఖాళీ. సొరుగు లాగితే బ్యాటరీ నేను పడేసిన చోటే ఉంది. నాగపూర్ నుంచి మెకానిక్‌ను పిలిపించి కారు వైర్లన్నీ చూపించాను. ఎక్కడా తేడా లేదన్నాడు. చుట్టుపక్కల అలాంటి రిమోట్ ఇంకెవరి దగ్గరా నేను చూడలేదు.

దినాలయ్యాక ఏదో మాటల్లో అన్న చేతి వణుకు సంగతి ఎత్తాను. వదిన మధ్యలోనే ఆపింది.

"వణుకుడు గాదు. నేను పక్కనున్నప్పుడు ఒక్కసారన్న ఒత్తలే. నేను లేనప్పుడు నీ కోసం ఒత్తేటోడు" అంది. మళ్ళీ తనే, "గారోజు మోగిందా?" అని అడిగింది.

మోగలేదన్నాను. గుమ్మం దగ్గర శంకర్ నిలబడి ఉన్నాడు. తలవంచుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ పనికి రాలేదు.

ఖాళీ రిమోట్‌కు కారు ఎలా మోగిందో ఇన్నేళ్ళయినా నా దగ్గర జవాబు లేదు. మోగిన మాట నిజం. నేను విన్న మాట నిజం.