ఇసుక కింద సూది

నా నోరు మంచిది కాదు. మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, నాకే కాస్త ఆలస్యంగా తెలిసింది.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా నాన్నగారు కోరంగి రేవులో ఓడవాళ్ళ దగ్గర కొన్న ఉక్కుసూది నాకిచ్చారు. మా వైపు ఆడవాళ్ళంతా కమ్మరి చేసిన ఇనపసూదులతోనే బొంతలు కుట్టుకునేవారు. నా సూది చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. ఒకరోజు అది కనబడలేదు. ముందురోజు మా పెద్ద తోటికోడలు నా గదిలో నా పక్కనే కూర్చుని బొంత కుట్టింది. ఇంకేం, ఆవిడే తీసిందన్నాను. ఆవిడ తన ఐదేళ్ళ కొడుకు తలమీద చెయ్యి వేసి, "వీడి మీద ఒట్టు, నేను తియ్యలేదు" అంది.

ఆ ఏడే ఉప్పెన వచ్చింది. ఇళ్ళు కూలాయి. ఆ పిల్లవాడు నీళ్ళలో కొట్టుకుపోయాడు. పరామర్శకు వచ్చినవాళ్ళతో నేను, "దొంగ ఒట్టు ఊరికే పోతుందా?" అన్నాను. అన్నాను, దాచను. ఆవిడ వినేంత దగ్గరలోనే ఉంది.

నేలమీద జానెడు మందాన సముద్రపు ఇసుక మిగిలింది. దాన్నే దిమ్మిసతో కొట్టి గట్టిచేసి, పైన మట్టి పరిచి, పేడతో అలుక్కుని అక్కడే మళ్ళీ ఇల్లు వేసుకున్నాం. తోటికోడలు వాళ్ళు వేరుపడి పక్క దొడ్లోకి వెళ్ళారు.

చాలా ఏళ్ళకి, ఏటిమీద ఆనకట్ట పూర్తయి కాలవలు తవ్వుతున్న రోజుల్లో, కొత్త స్తంభం పాతడానికి మావారు నా గదిలో గుంట తీశారు. పైకి పోసిన మట్టిగడ్డ చిదుపుతుంటే నా చేతికి సూది తగిలింది. ఒళ్ళంతా తుప్పు. కొబ్బరినూనె, ఇటికపొడి వేసి రుద్దాను. కమ్మరి సూది బెజ్జం గుండ్రంగా, అంచు గరుకుగా ఉంటుంది. దీని బెజ్జం కోలగా, నున్నగా ఉంది. దారం ఒదగడానికి రెండు పక్కలా సన్నటి గాడి కూడా ఉంది. ఓడ సూదే.

"ఇలాంటివి ఇప్పుడు సంతలో బోలెడు. ఉప్పెన తరవాత ఎప్పుడో నువ్వే పారేసుకునుంటావు" అన్నారు మావారు.

ఆ మాట నిజమైతే బాగుండునని ఎంత అనుకున్నానో! అయినా గుంటలోకి దిగి చూశాను. పైన అలుకుడు పొరలు, వాటి కింద బూడిదరంగు ఇసుక, ఇసుక కింద మా పాతింటి నల్లమట్టి నేల. సూదికి అంటుకున్నది నల్లమట్టే. అది ఉన్నచోట తుప్పుచార ఇసుకకి రెండు వేళ్ళు కిందే కనబడింది. అంటే ఉప్పెనకు ముందే నేల బీటలోకి జారింది, దానిమీద ఎవరో అలికేశారు. పాతింట్లోనూ ఆ గది అలికేది నేనే.

సిగ్గు చంపుకుని పక్క దొడ్లోకి వెళ్ళాను. ఆవిడ కొబ్బరీనెలు చీరి చీపుళ్ళు కడుతోంది.

"అక్కయ్యగారూ, సూది దొరికిందండి. మా పాత నేలలోనే ఉంది. మీరు తియ్యలేదు. నాదే తప్పు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"తియ్యలేదనే ఒట్టేసేనమ్మా. కానీ నువ్వు ఆ మాటన్నాక నాకే అనుమానం పట్టుకుంది. బొంతకి గుచ్చి ఉంటే చూసుకోకుండా పట్టుకొచ్చేసేనేమో, తెలీక దొంగ ఒట్టు వేసేనేమో అని. అయితే వాడు నా ఒట్టు వల్ల పోలేదా?"

"లేదండి."

"పోలేదా?"

"లేదండి, అక్కయ్యగారూ."

పొద్దు వాలేదాకా ఆవిడ అదే అడుగుతూ కూర్చుంది. అడిగినప్పుడల్లా నేను చెబుతూ కూర్చున్నాను.