తొట్టె లెక్క

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే కనిపెట్టే శ్రమ మీకు తప్పుతుంది. మా మరిది భార్య, నాకన్నా పదకొండేళ్ళు చిన్నది, నేను పనిచేసే బడిలోనే లెక్కల టీచరు. మోచేతుల దాకా సుద్దపొడి. పిల్లవాడు తప్పు చెప్తే సంబరపడిపోయి, "అరే, నీకిలా ఎందుకనిపించింది?" అంటూ వాడి బల్ల మీదే చతికిలబడుతుంది. గంట కొట్టేసరికి బోర్డు మీద ఒక్కటే లెక్క ఉంటుంది. అదే గంటలో నేను పన్నెండు చేయిస్తాను. అయినా పిల్లలు మూగేది తన చుట్టూనే. మా అత్తగారు కూడా "చిన్నదానికి ఓపికెక్కువ" అంటుంది, అదీ నా ముందే.

ఆరో తరగతి లెక్కల పాఠాలు మార్చాలని పై ఆఫీసు వాళ్ళకు బుద్ధి పుట్టింది. మా ఇద్దరి పద్ధతులూ రాయించుకున్నారు. ఏడాదిపాటు చెరో సెక్షన్లో నడిపి, చివర పరీక్ష పెట్టి, ఏది మెరుగైతే దాన్నే అన్ని బడుల్లోనూ పెడతామన్నారు. ఇరవై ఏడేళ్ళ నా కష్టం ఆ పోటీలో ఉంది. నా మొదటి నియమం, ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు. రెండోది, కొట్టివేతలు ఉండకూడదు.

పక్షపాతం రాకుండా పరీక్షరోజు తన గదికి నన్నూ, నా గదికి తననూ కాపలా వేశారు. అయిదో లెక్క దగ్గర ఓ పిల్ల లేచింది.

"టీచర్, తొట్టె ఎత్తు మూడడుగులు, కుళాయిలోంచి నిమిషానికి ఎనిమిది లీటర్లు వస్తాయన్నారు. ఎంతసేపట్లో నిండుతుందన్నారు. కానీ తొట్టెలో ఎన్ని లీటర్లు పడతాయో ఇవ్వలేదండీ!"

చూశాను. నిజమే. అచ్చుతప్పు అనుకున్నాను. ఇంతలో ఇంకో చెయ్యి లేచింది, ఆ వెనక మరొకటి. లెక్కపెట్టకుండా నేనుండలేను కదా, మొత్తం ముప్పై చేతులు.

"ఇచ్చినదాంతో చెయ్యండి! నోరు మూసుకుని!" అని గద్దించాను. వాళ్ళ టీచరు నేర్పిన వాగుడే అని లోలోపల సంతోషించాను కూడా.

పరీక్ష అయ్యాక ఆఫీసు నుంచి వచ్చిన పరిశీలకురాలు మమ్మల్నిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, సీలు వేసిన కవర్లోంచి రెండు కాగితాలు తీసింది.

"తొట్టె లెక్కలో ఆ అంకె మేం కావాలనే తీసేశామండీ. అది లేదని ఎంతమంది అడిగారో ఈ గడిలో రాయండి. మాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం."

ఎదురుగా తోడికోడలు తన కాగితంలో సున్నా పెట్టడం కనిపించింది. నా పిల్లలు నలభైమందీ మూడుని ఎనిమిదితో హెచ్చవేసి, ఇరవై నాలుగు నిమిషాలని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టారట. ఒక్క కొట్టివేత లేదు.

"అక్కా, మీ పిల్లలు ఎంత నీటుగా రాశారో! అదెలాగో నాకూ నేర్పవూ?" అంది. వెక్కిరింపు కాదు, మనస్ఫూర్తిగానే అంది. అందుకే ఒళ్ళు మరీ మండింది.

తన గదిలో పెద్దదాన్ని నేనొక్కదాన్నే. ఎన్ని చేతులు లేచాయో ఎవరు చూడొచ్చారు? నేనూ సున్నా పెట్టేశాను.

పెట్టాక కలం ముందుకు కదల్లేదు. అంకె లేదని నాకు తెలిసింది కదా, నేనెందుకు బయటికెళ్ళి అడగలేదు? ఇచ్చినదాంతో చెయ్యమన్నాను. నా నలభైమందీ చేసింది అదే. అచ్చం నా పిల్లలే.

కొట్టివేయడం నాకు చేతకాదు. పళ్ళు బిగబట్టి ఆ సున్నాకి ఎడమపక్కన మూడు వేశాను.

గేటు దాకా కలిసే నడిచాం.

"మా వాళ్ళు నిన్ను బాగా విసిగించారా అక్కా?"

"ముప్పైమంది" అన్నాను.

తనకు విషయం అర్థమైంది. ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయిగానీ, ఆనందంతో మాత్రం కాదు.