బాసింపట్టు వేసుకున్న కంట్రీ బ్యాండ్

అమెరికాలో మా నోవై ఊళ్లో తెలుగువాళ్ల ఆడపిల్లలందరూ శనివారం పొద్దున్న సంగీతం క్లాసుకీ, మధ్యాహ్నం లెక్కల క్లాసుకీ వెళ్లి, సాయంత్రం ఎవరో ఒకరి బర్త్‌డే పార్టీలో ఆ రెండు విద్యలూ ప్రదర్శించాల్సిన రోజులవి. అలాంటి రోజుల్లో మేం ముగ్గురు అక్కాచెల్లెళ్లం కంట్రీ మ్యూజిక్ (అంటే ఇక్కడి పల్లెటూరి పాటల) బ్యాండ్ పెట్టాం. ఆ పాపం పూర్తిగా నాన్న మినీవ్యాన్‌ది. దాని రేడియో ఒకే స్టేషన్ దగ్గర బిగుసుకుపోయింది. "పాడుతోంది కదా, ఇంక రిపేర్ ఎందుకు?" అని నాన్న (ఆయన కార్ల కంపెనీలోనే ఇంజనీరు) దాని జోలికి పోలేదు. స్కూలుకీ గుడికీ డెంటిస్ట్ దగ్గరికీ ఆ మంచులో తిరుగుతూ ఆరేళ్లపాటు మేం విన్నది కంట్రీ పాటలే. అమ్మకీ అవి నచ్చాయి. "అమ్మ మీద పాట, ఊరి మీద పాట, దేవుడి మీద పాట. ఎంత మంచివాళ్లో!" అనేది. (మధ్యమధ్య వచ్చే విస్కీ ఏమిటని అడిగితే, దగ్గు మందని చెల్లి చెప్పింది. పాపం ఇంతమందికి దగ్గా అని అమ్మ జాలిపడింది.)

అక్కది వయొలిన్, నాది గిటారు, చెల్లిది పాట. లీడర్‌ని నేను. నన్నెవరూ ఎన్నుకోలేదు, మిగతా ఇద్దరూ అడగలేదు కాబట్టి అయిపోయాను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు, అక్కకి ఇరవై ఒకటి, చెల్లికి పధ్నాలుగు. అక్క ఆరో ఏటి నుంచీ వయొలిన్ ఆంటీ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుంది. కంట్రీ పాటలో దాని గమకాలు పడితే, పాట ఇక్కడిదే అయినా ఏడుపు మాత్రం మనవైపుదిలా ఉండేది. మా బేస్‌మెంట్‌లో రికార్డ్ చేసిన సీడీ ఒకటి అక్కడా ఇక్కడా పంపితే, గంటన్నర దూరంలోని ఒక చిన్న ఊళ్లో వేసవి శనివారాల్లో జరిగే ఫెయిర్ (మన సంతలాంటిది) నుంచి ఫోను వచ్చింది. అక్కడ పాటల కార్యక్రమాలు చూసే పెద్దాయనకి మేం తర్వాత టోపీ తాతగారని పేరు పెట్టుకున్నాం. శనివారం వచ్చి వాయించమనీ, జనానికి నచ్చితే ఆ వేసవిలో శనివారాలన్నీ మావేననీ ఆయన మాట. నచ్చకపోతే బ్యాండ్ క్లోజ్ చేసి బుద్ధిగా చదువుకోవాలని నాన్న మాట. నేను ఆ రాత్రే శనివారాలన్నిటికీ వేసుకోవాల్సిన బట్టల లిస్టు రాసుకున్నాను.

ఆ శనివారం బూట్లూ టోపీలూ పెట్టుకుని దర్జాగా దిగాం. గడ్డి మీద జానెడు ఎత్తున చెక్కలు పరిచి స్టేజీ వేశారు. మైకులు పెట్టే అతను మూడు మైకులూ మా నోటి ఎత్తుకి నిలబెట్టి, "వయొలిన్ అమ్మాయి ఎక్కడ నిలబడుతుంది?" అని అడిగాడు. అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను. మన పద్ధతిలో వయొలిన్ కింద కూర్చుని కదా వాయిస్తారు. బాసింపట్టు వేసుకుని, ఒక కొస కుడిపాదం మీద, రెండో కొస భుజానికి ఆనిస్తారు. పదిహేనేళ్లుగా అక్క అలాగే వాయిస్తోంది. కంట్రీవాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారని మాకు తెలియకేం! కానీ బేస్‌మెంట్ కార్పెట్ మీద అన్ని నెలలు ప్రాక్టీస్ చేసినా, ఆ రెండు విషయాలూ కలిపి ఆలోచించాలని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పశువుల షెడ్డు వెనక్కి వెళ్లి అక్క పది నిమిషాలు నిలబడి ప్రయత్నించింది. వయొలిన్ జారుతుంటే పట్టుకోవడానికే చెయ్యి సరిపోయింది, ఇక వాయించేదెక్కడ? మడత కుర్చీలో బాసింపట్టు వెయ్యబోతే కుర్చీ మడతపడింది. "నా వల్ల కాదే, పడిపోతోంది," అంది అక్క, ఏడుపు గొంతుతో. మా ముందు బ్యాండ్‌లో వయొలిన్ వాయించిన గడ్డం అంకుల్ ఇదంతా చూసి దగ్గరికొచ్చాడు. ఆ పాటలన్నీ తనకి వచ్చనీ, కావాలంటే అమ్మాయి బదులు తను నిలబడతాననీ అన్నాడు. టోపీ తాతగారు లీడర్ ఎవరన్నట్టు చూశారు. నేను సరే అన్నాను. ఆలోచించి అన్నానని కూడా చెప్పుకోలేను, ఆయన అడగడం పూర్తయ్యేలోపే అన్నాను. అక్క వయొలిన్ పెట్టెలో పెట్టేసింది. నిజం చెప్పొద్దూ, అప్పుడు నా మనసంతా శనివారాల మీదే ఉంది.

చెల్లి మాత్రం చకచకా స్టేజీ ఎక్కి, బూట్లు విప్పి పక్కన పెట్టి, చెక్కల మీద కూర్చుండిపోయింది. "అక్క కూర్చుంటే నేనూ కూర్చుంటా. సింపుల్. నువ్వు కావాలంటే ఆ అంకుల్‌తో నిలబడు," అంది నాతో, మైకులో. (తెలుగులో అంది కాబట్టి పరువు దక్కింది.) నాన్న వ్యాన్‌లోంచి పిక్నిక్ జంపఖానా తెచ్చి పరిచేశాడు. అక్క వయొలిన్ మళ్లీ పెట్టెలోంచి తీసి దాని మీద కూర్చుంది. మైకులు పొట్టివయ్యాయి. నేనూ బూట్లు విప్పి, ఎవరి మొహమూ చూడకుండా గిటారుతో కూలబడ్డాను.

జనం ముందుకొచ్చారు. ముందువరసవాళ్లకి మేం కనిపిస్తున్నాం, వెనకవాళ్లకి గొంతులే. "ఎక్కడున్నారు? ఎక్కడున్నారు?" అని గోల. అప్పుడు అమ్మ లేచింది. పిల్లల ప్రోగ్రాముల్లో మాట వినని అంకుల్స్‌ని ఏళ్ల తరబడి అదిలించిన గొంతు అది. "ప్లీజ్ సిట్! అందరూ సిట్! యూ ఆల్సో, బాబూ, సిట్!" ఆరడుగుల రైతులు టోపీలు తీసి, గడ్డి మీద బుద్ధిగా కూర్చున్నారు. అక్క కమాను ఎత్తింది. ఆ రోజు వాయించినట్టు అది మళ్లీ ఎప్పుడూ వాయించలేదని నా నమ్మకం. మూడో పాటకి గడ్డం అంకుల్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. శనివారాలు మాకొచ్చాయి. రెండో వారం నుంచి జనం దుప్పట్లు తెచ్చుకున్నారు. తర్వాత ఆరేళ్లపాటు చుట్టుపక్కల ఏ ఫెయిర్‌కి వెళ్లినా "కూర్చునే సిస్టర్స్" అంటేనే గుర్తుపట్టేవాళ్లు.

ఆ సాయంత్రం ఇంటికొస్తూ అక్కకి సారీ చెప్పాను. "దేనికే? ఆయన నాకన్నా బాగా వాయిస్తాడు. నేనైనా సరే అనేదాన్ని," అంది. హాయిగా నమ్మేశాను. మొన్న ఫోనులో ఏదో మాట మీద అడిగితే నవ్వింది. "అబద్ధం చెప్పాను. చాలా ఏడుపొచ్చింది. కానీ నీ మొహం నాకన్నా దీనంగా ఉంది, ఇంకేం అంటాను?" అంది. అంత తేలిగ్గా చెల్లెల్ని అమ్మేసిన ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల, కాదు, అక్కని అమ్మేసిన పిల్ల (చూశారా, ఇప్పటికీ నేరం సరిగ్గా ఒప్పుకోలేకపోతున్నాను), ఎదురైతే నాలుగు చివాట్లు పెట్టాలనే ఉంటుంది. అక్కే పెట్టలేదు, నేనెవర్ని అని నవ్వుకుని ఊరుకుంటాను.