చీమబారు బావ

మా బావ రాసిన బోర్డు ఏదైనా సరే, ఏనుగుతో మొదలై చీమతో ముగుస్తుంది. పై వరుసలో మూరెడు అక్షరాలు, దాని కింద జానెడు, ఆ కింద బెత్తెడు. చివరి వరుస మాత్రం గోడ మీద చీమలు బారులు తీరినట్టే. అందుకే వీధంతా ఆయన్ని చీమబారు అనేది. మా అక్క మొగుడు కాబట్టి నేను ఆ మాట ఆయన వెనకాల మాత్రమే అనేవాణ్ణి.

"అంత చిన్నగా రాస్తే ఎవడు చదువుతాడయ్యా?" అని మందుల షాపాయన నెత్తి కొట్టుకునేవాడు.

"చదవాల్సినవాళ్ళు చదువుతారు" అంటూ బావ కుంచె కడుక్కునేవాడు.

ఇది చాలదన్నట్టు, అప్పుడప్పుడూ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, ఎవరూ అడక్కుండానే ఆ చివరి వరుస చెరిపి ఇంకోటి రాసేవాడు. నాది చెప్పుల కొట్టు. "మడమ నొప్పికి మెత్తని చెప్పులు" అన్న వరుస ఒకరోజు పొద్దున్నే "ఏనుగు సైజు దొరకదు" అయి కూర్చుంది.

"బావా, నా కొట్టుకి ఏనుగులొస్తున్నాయా?"

"రావట్లేదుగా? బోర్డు పనిచేస్తున్నట్టే."

బడి వదిలే వేళకి ఆయన రోడ్డుకి అవతల, సున్నంతో గీసిన గీత దగ్గర నిలబడేవాడు. వచ్చే పిల్లల్ని ఆపి, ఒక కన్ను మూయించి నా బోర్డు, రెండో కన్ను మూయించి మందుల షాపు బోర్డు చదివించేవాడు. చదివినవాళ్ళకి చేతి మీద పిచ్చుక బొమ్మ వేసేవాడు. పనీపాటా లేని మనిషి అనుకున్నాను.

మా చిన్నది అప్పుడు రెండో తరగతి. నీళ్ళు గ్లాసు పక్కన పోసేది, బంతి మొహానికి తగిలాక చేతులు చాపేది. "ధ్యాస లేదు దీనికి!" అని నేను రోజూ కేకలేసేవాణ్ణి.

ఒకరోజు అదీ గీత మీద నిలబడింది. ఎడమ కన్ను మూసి నా బోర్డు చదివేసింది. కుడి కన్ను మూసి, మందుల షాపు బోర్డు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పింది: "చేదు మందులు కూడా దొరుకును!"

ఆ పొద్దున్నే బావ దాన్ని "పిల్లికి దగ్గు మందు లేదు" అని మార్చాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

"కొట్టు మూసెయ్" అన్నాడు.

"బేరాల వేళ బావా!"

"మూసెయ్ ముందు. పిల్లకి ఎడమ కంటితో కనబడట్లేదు. కంఠతా పట్టి అప్పజెప్తోంది."

కంటి డాక్టరమ్మ చూసి, "ఒక కన్ను పని మానేసి, రెండోదాని మీద భారం వేసింది. అద్దాలు పెట్టి, మంచి కన్ను రోజూ కాసేపు మూసి, దీనితో పని చేయించాలి. పెద్దయ్యాక తెస్తే చాలా కష్టమయ్యేది" అంది.  రోజూ నేను కేకలేసింది ఈ పిల్ల మీదా!

"ఎలా కనిపెట్టారు?" అని ఆవిడ అడిగింది.

"మా బావ... చీమలు..." అని నసిగాను.

"ఓ, బోర్డులాయనా! ఆయన పట్టుకున్న పిల్లల్లో ఈ పాప పదకొండోది."

బయట బావ నిచ్చెనలాగా నిలబడి ఉన్నాడు. "పిల్లలు ఊరికే కంఠతా పట్టేస్తారు. అందుకేగా మారుస్తుంటా" అన్నాడు.

తొమ్మిది నెలలు పట్టింది. మంచి కంటికి కట్టే పట్టీ వద్దని చిన్నది ఏడిస్తే, దాని మీద రోజుకో పిచ్చుకని వేసి ఒప్పించేవాడు. చివరికి ఒక సాయంత్రం నా బోర్డు మీద ఎన్నడూ లేనంత చిన్నగా కొత్త వరుస రాసి, దాన్ని గుడ్డతో కప్పాడు. వీధంతా చేరింది. చిన్నది గీత మీద నిలబడి కుడి కన్ను మూసుకుంది. గుడ్డ తొలగింది.

"మా... నాన్న... కేకలు... గట్టివి. చెప్పులు... మెత్తనివి!"

వీధి గొల్లున నవ్వింది. మందుల షాపాయన ఈల వేశాడు. నన్ను తిట్టిన వరుసైతేనేం, నా కూతురు చదివింది! ఎడమ కంటితో చదివింది! నేనూ చూద్దామని రోడ్డు దాటి, గీత పక్కన నిలబడి కళ్ళు చిట్లించాను. చీమలు తప్ప ఏమీ లేవు.

చిన్నది నా చెయ్యి పట్టి గీత మీదికి లాగింది. "నాన్నా, ఒక కన్ను మూసుకో. కంఠతా చెప్తే ఒప్పుకోను."

బావ అప్పటికే కుంచె పట్టుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు.